పెరటి పంట: కాయకమా, కాలక్షేపమా?

అన్నము లేనిదే ప్రాణము నిలువదు. కాని ఆ అన్నము ఎవరి చేతి శ్రమవలన పుట్టినదో ఎరుగకయే భుజించువారు నేడు అధికులైరి. పూర్వము ఉత్తర తెలంగాణపు పల్లెలలో ఇంటివెనుక దొడ్డి, దొడ్డిలో చేదబావి, బావి చెంత కరివేపచెట్టు, పందిరిపై బీర, చిక్కుడు, ఆనపతీగెలు సామాన్యముగా కనబడెడివి. బొగ్గుగనులతో పెరిగిన గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి, మరమగ్గములతో పెరిగిన సిరిసిల్ల, విద్యకును ఉద్యోగమునకును కేంద్రమైన కరీంనగరము జనులను పల్లెలనుండి రప్పించుకొనెను. దొడ్డి పోయి రెండు మూడు గదుల ఇల్లు మిగిలెను. 2016లో పాత కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలు విభజింపబడిన పిమ్మట జిల్లా కేంద్రములైన జగిత్యాల, పెద్దపల్లి, మంచిర్యాల, నిర్మల్, ఆసిఫాబాదులలోను ఇంటిస్థలము ప్రియమగుచున్నది.

అయినను మట్టిమీది మమకారము పోలేదు. మేడమీద పగిలిన బకెట్లలో తోటకూర, సిమెంటు సంచులలో టమాట, గోడవెంట బచ్చలితీగె పెంచుకొను గృహస్థులు నేటికిని కలరు. ఈ పని కాయకమగునా? లేక కడుపు నిండినవారి కాలక్షేపమేనా? శరణధర్మమును నమ్మిన కుటుంబములు ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. ఏలయనగా, మనము చేయు ప్రతి పనియు కాయకమని చెప్పుకొనుట సులభమైపోయినది. మాట సులభమైనపుడు దాని విలువ తరుగును.

బసవేశ్వరుడు 12వ శతాబ్దమున కల్యాణములో బిజ్జలుని కొలువున భాండాగారమును నిర్వహించెను. ఆయన చుట్టును చేరిన శరణులలో నులియ చందయ్య త్రాళ్లు పేనెను. మడివాళ మాచయ్య బట్టలు ఉదికెను. మోళిగె మారయ్య కట్టెలు మోసెను. అంబిగర చౌడయ్య పడవ నడిపెను. వీరి పనులలో హెచ్చుతగ్గులు లేవని అనుభవమంటపము నిర్ణయించెను. 13వ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును ద్విపదలో రచించి శివభక్తుల జీవితములను తెలుగువారి ఇండ్లకు చేర్చెను. ఈ చరిత్రలను పరిశీలించినచో కాయకమునకు మూడు లక్షణములు స్పష్టమగును. మొదటిది, చేయువాని సొంత శరీరము నిత్యము శ్రమించుట. రెండవది, ఆ శ్రమ సత్యశుద్ధమై ఇతరులకు హాని చేయకుండుట. మూడవది, దాని ఫలము దాసోహమునకు వినియోగమగుట. పెరటి పంటను ఈ మూడింటితో పరీక్షింపవలెను.

మొదటిది శ్రమ. గృహయజమాని మిత్రులకు మొక్కలను చూపి మెప్పు పొందుచుండగా, ఇల్లాలో పనిమనిషియో మేడమెట్లపై నీరు మోయుచున్నచో, కాయకము నీరు మోసినవారిది. యజమానికి మిగులునది మెప్పు మాత్రమే. కావున కుండ నింపుట, ఎరువు కలుపుట, కలుపు తీయుట మొదలగు పనులలో ఇంటిలోని ప్రతివారికిని, ముఖ్యముగా పురుషులకును బాలురకును, వంతు ఉండవలెను.

శ్రమతో కూడ నిత్యత్వము కావలెను. చల్లని దినములలో మూడు నెలలు మొక్కలు పెంచి, ఎండలు రాగానే కుండలను మూలకు త్రోయుట వినోదము. ఇష్టలింగపూజ ఋతువును బట్టి ఆగదు. కాయకమును అట్లే ఆగరాదు. ఏడాది పొడవున పండించుట ఈ ప్రాంతమున సాధ్యమే. మృగశిర కార్తెలో తొలకరి పడగనే బెండ, పుంటికూర, బీర, కాకర, ఆనప విత్తవలెను. బీరతీగె రెండు నెలలలోపుననే కాపునకు వచ్చును. చిక్కుడును వానలలో నాటినచో చలికాలమంతయు కాయును. దసరా వెళ్లిన పిదప పాలకూర, మెంతి, కొత్తిమీర, ముల్లంగి, టమాట, వంగ మొక్కలకు అనుకూలము. ఆదిలాబాదు చలి ఆకుకూరలకు మేలు చేయును. రామగుండము ప్రాంతమున వేసవి ఎండ 45 డిగ్రీలు దాటు దినములు కలవు. అప్పుడు గోనెపట్టాయో చీరపాతయో నీడగా కట్టి, తోటకూర, బచ్చలి, గంగవాయిలి కూరలను నిలుపుకొనవచ్చును. తోటకూర విత్తిన 25 లేక 30 దినములకే కోతకు వచ్చును. పక్షమునకు ఒక కుండలో చొప్పున విత్తుచు పోయినచో కూర లేని వారముండదు.

చోటు లేదను మాట చాలవరకు సాకు. ఆకుకూరకు ఆరంగుళముల లోతు మట్టి చాలును. వంగకు, టమాటకు అడుగు లోతు కావలెను. తీగెజాతులకు అడుగున్నర ఉన్నచో మేలు. దినమునకు అయిదారు గంటల ఎండ తగులు గోడ ఒకటి ఉన్న చాలును. కరీంనగరపు ఎర్ర చల్కమట్టి త్వరగా ఎండును గనుక మాగిన పశువుల ఎరువు ఎక్కువ కలుపవలెను. ఆదిలాబాదు నల్లరేగడి నీటిని పట్టి వేళ్లను కుళ్లించును గనుక ఇసుక కలుపవలెను. ప్రతి కుండకును అడుగున రంధ్రముండవలెను. ఇవి తెలిసికొనుటకు పెద్ద చదువు అక్కరలేదు.

రెండవది సత్యశుద్ధి. ఇచట మూడు చిక్కులు కలవు: నీరు, విషము, పరుల జీవనము.

నల్లాలో వచ్చునది శుద్ధిచేసిన త్రాగునీరు. వేసవిలో ప్రక్క వీధివారు బిందెలతో వరుస కట్టియుండగా ఆ నీటిని గొట్టముతో మొక్కలపై పారించుట సత్యశుద్ధము కాదు. బియ్యము, పప్పు, కూరలు కడిగిన నీరు దినమునకు కొన్ని కుండలకు సరిపోవును. స్నానపు నీటిని అరటికిని చేమకును మళ్లింపవచ్చును. ఇంటి వాడుకనుండి మిగిలిన నీటికి ఎన్ని కుండలు బ్రతుకునో అన్నియే ఉండవలెను. ఆశ ఎంత ఉన్నను నీరే హద్దు.

విషము సంగతి ఈ ప్రాంతమువారికి క్రొత్త కాదు. ప్రత్తిచేలలో పురుగుమందుల డబ్బాలు చూడని రైతుబిడ్డ ఆదిలాబాదు సీమలో అరుదు. మోనోక్రోటోఫాసును కూరగాయలపై వాడరాదని కేంద్రప్రభుత్వము 2005లో నిషేధించినది. తినుటకు పెంచిన మొక్కపై విషము చల్లి, ఆ ఫలమునే లింగమునకు అర్పించి ప్రసాదమని స్వీకరించుట ఎంత విపరీతము! వేపగింజల పొడిని లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున రాత్రి నానబెట్టి, వడకట్టి చల్లినచో చాల పురుగులు తొలగును. మిగిలిన వానిని చేతితో ఏరవచ్చును. రెండాకులు పురుగు తిన్నచో తిననిండు. ఆ నష్టము చిన్నది.

మూడవ చిక్కు అన్నిటికంటె కఠినమైనది. ప్రతి ఇంటను కూరలు పండినచో, తెల్లవారుజామున లేచి గంప నెత్తిన పెట్టుకొని వీధివెంట వచ్చు అక్క ఎట్లు బ్రతుకును? ఆమెదియు కాయకమే కదా. మన కాయకము ఆమె కాయకమును చెరుపరాదు. ఈ ఆక్షేపణకు లెక్కయే సమాధానము. మనిషికి దినమునకు కూరగాయలు, పండ్లు కలిపి 400 గ్రాములైనను కావలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించినది. అయిదుగురు గల ఇంటికి దినమునకు రెండు కిలోలు. పది పదిహేను కుండలు అంత ఇయ్యజాలవు. కరివేపాకు, కొత్తిమీర, వారమునకు రెండు మూడు పూటల ఆకుకూర, ఋతువులో కొన్ని కాయలు మాత్రమే ఇచ్చును. తక్కినది ఆమె గంపనుండియే రావలెను.

అయినచో పండించుటవలన లాభమేమి? లాభము ఇంటిలో కాదు, వీధిలో కనబడును. ఒక కట్ట మెంతికూరకై నెల దినములు నీరు పోసి, చీమలనుండి విత్తనమును, ఎండనుండి మొలకను కాపాడినవాడు గంప దించిన అక్కతో రూపాయికై వాదులాడజాలడు. ఆ కట్ట వెనుక ఎన్ని తెల్లవారుజాములు ఉన్నవో అతడు ఎరుగును. వాడిన ఆకును చూపి ధర తగ్గింపడు. రైతును మొరటువాడని అనడు. పళ్లెములో అన్నము విడువడు. పరుల శ్రమను గౌరవించుట ప్రవచనములు వినినందున మాత్రమే అలవడదు, తన చేయి మట్టిలో పెట్టినపుడే అలవడును. పెరటి పంట ఇచ్చు ముఖ్యఫలము ఈ ఎరుకయే. అది కలుగనిచో మేడనిండ కూరలు పండినను ఆ తోట కాలక్షేపమే.

మూడవది దాసోహము. ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ శరణ కుటుంబములలో ప్రసిద్ధము. మారయ్య బసవేశ్వరుని మహామనె ప్రాంగణమున రాలిన బియ్యపుగింజలు ఏరి తెచ్చెడివాడు. దానితోనే వారి ఇంట జంగమదాసోహము జరిగెడిది. ఒకనాడు అతడు రోజుకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. అవసరమునకు మించిన ఆశ రాజులకుండవచ్చును గాని శరణులకు తగదని మందలించి, అధికమును తెచ్చినచోటనే విడిచి రమ్మని పంపెను. పేదరాలైన ఇల్లాలు తన ఇంటికి వచ్చిన మిగులును నిరాకరించుట లోకమునకు వింత. కాని కాయకమునకు హద్దు గీచినది ఆమెయే.

పెరటి పంట లక్కమ్మ నీతిని తానే బోధించును. ధాన్యమును గరిసెలో దాచవచ్చును, ధనమును పెట్టెలో దాచవచ్చును. ఉదయము కోసిన తోటకూర సాయంకాలమునకు వాడును. ఒక్కసారిగా కాసిన ఆనపకాయలను ఒక ఇల్లు తినజాలదు, అమ్మబోయినచో బస్సుకూలికి చాలవు. పొరుగింటికి ఇచ్చుట ఒక్కటే మార్గము. కాని మిగిలినది ఇచ్చుటతో దాసోహము పూర్ణమైనదని తలపరాదు. ముదిరిన బెండకాయలు, పురుగుపట్టిన వంకాయలు పంచిపెట్టుట చెత్తను తొలగించుకొనుటయే. తొలికోత లింగార్పితమై, అందు ఒక పాలు వృద్ధులకో, రోగులకో, కూర కొనలేని ఇంటికో చేరినపుడే అది దాసోహము.

ఆపత్కాలమున ఇంటిపంటకు పిలుపిచ్చిన దేశములు కలవు. 1939లో యుద్ధము వచ్చినపుడు బ్రిటను ప్రభుత్వము పూలతోటలను త్రవ్వి కూరలు పెంచుడని ప్రజలను కోరెను. 1965లో ఆహారకొరత ఏర్పడినపుడు ప్రధాని లాల్‌బహదూర్ శాస్త్రి వారమునకు ఒక పూట భోజనము మానుడని దేశమునకు విజ్ఞప్తి చేసెను. అట్టి ఉద్యమములు మెచ్చదగినవే. కాని కొరతను చూచి పుట్టిన తోట కొరత తీరగానే మరల పచ్చికబయలగును. శరణుని తోటకు భయము మూలము కాదు గనుక సమృద్ధికాలమునను అది నిలువవలెను.

మఠములకు ఈ విషయమున ప్రత్యేక బాధ్యత కలదు. తుమకూరు సిద్ధగంగామఠమున శివకుమారస్వామివారు 2019లో లింగైక్యము చెందువరకు వేలాది విద్యార్థులకు విద్యతోబాటు అన్నదాసోహము జరిపించిరి. చుట్టుపట్ల రైతులు తెచ్చిన ధాన్యము ఆ దాసోహమున కలిసెను. అంతటి శక్తి అన్ని మఠములకు ఉండదు. కాని ప్రాంగణమున నాలుగు మడులు చేసి, విద్యార్థి ఒక్కొక్కనికి ఒక మడి భాగము అప్పగించి, పర్వదినములలో భక్తులకు వడ్డించు పులుసులో ఆ ఆకు కలుపుట ఏ మఠమునకైనను సాధ్యమే.

అల్లమప్రభువు సంచారకథలలో గొగ్గయ్య అను తోటవాని వృత్తాంతము కలదు. తోటపనిలో మునిగిన అతనికి ప్రభువు దేహమునే తోటగా చూపి లోపలి సేద్యమును బోధించెను. బయటి పనియే సర్వస్వమని భ్రమించువారికి అది హెచ్చరిక. కాని కుండలోని కలుపును చూడనివానికి మనస్సులోని కలుపు కనబడుట దుర్లభము. నేను పండించితినను గర్వము, నాదే ఎక్కువ కాసినదను పోటీ, ఇచ్చితినను అతిశయము ఆ కలుపులోనివే.

కావున రానున్న మృగశిరకు ప్రతి శరణగృహమున ఒక కుండయైనను నిండుగాక. నీరు పోయు చేయి భుజించు చేయియే అగుగాక. తొలికోతలో ఒక పిడికెడు గడప దాటి పొరుగువారికి చేరినపుడు, ఆ కుండ కాయకమో కాలక్షేపమో వేరుగా చెప్పవలసిన పనిలేదు.