పుచ్చుకొను చేయి, ఇచ్చు చేయి



కొన్ని సంవత్సరముల క్రిందట, బసవజయంతికి ముందునాటి సాయంకాలము, మా ఊరి మఠమందు బాలికలందరు చాపలపై కూర్చుండి మల్లెమాలలు కట్టుచుండిరి. వారిలో ఒక కాలు చచ్చుపడిన బాలిక యుండెను. నేనామెను పిలిచి, “నీకెందుకమ్మా ఈ శ్రమ? అరుగుమీద కూర్చో. ప్రసాదం నేనే పంపిస్తాను” అంటిని. అది దయ యనియే తలచితిని. ఆ బిడ్డ తలవంచుకొని, “మాస్టారూ, బాగాలేనిది నా కాలే కదండీ. చేతులకేమైంది?” అని యడిగెను. ముప్పది యేండ్లు పాఠములు చెప్పిన నాకు ఆనాడు నోట మాట రాలేదు.

ఆ ప్రశ్నకు సమాధానము వెదకినవారిలో లండను నగరవాసి యొకడు కలడు. అతని వృత్తాంతము మనము వినదగినది.

పందొమ్మిదవ శతాబ్దమున ఆ మహానగరపు వీధులలో పూలును, వాటర్‌క్రెస్ అను నీటి ఆకుకూరయు అమ్ముకొని బ్రతుకు నిరుపేద బాలికలు పెక్కుమంది యుండిరి. తెల్లవారకముందే బజారునకు పోయి సరకు కొని, చిన్న చిన్న కట్టలు కట్టి, చలిలో ఇంటింటి ముంగిట కేకలు వేయుచు తిరుగుట వారి జీవనము. 1851లో హెన్రీ మేహ్యూ ప్రకటించిన గ్రంథమున అట్టి యొక ఎనిమిదేండ్ల పిల్ల కథ కనవచ్చును. చలికాలము వచ్చినచో పూలు కరవు. పూలు లేనిచో కూడు కరవు. కాళ్లు గట్టిగానున్న పిల్లల గతియే అట్లుండగా, నడువలేని పిల్లల మాట చెప్పనేల?

జాన్ గ్రూమ్ అనునతడు వెండిసామానులపై నగిషీ చెక్కు పనివాడు. ధనికుడు కాడు. 1866లో, ఇరువది యొక్క యేండ్ల ప్రాయమున, ఆ బాలికల కొరకై సేవాసంఘమును స్థాపించెను. మొదట వారికి వేడి పానీయము, ఆహారము, కూర్చుండుటకు చోటు కల్పించెను. కాని ఉదయము పెట్టిన అన్నము సాయంకాలమునకు అరిగిపోవును. మరునాడు మరల చేయి చాపవలసినదే. కావున క్లెర్కెన్‌వెల్ అను పేటలో, వికలాంగులైన బాలికలకు గుడ్డతో కృత్రిమపుష్పములు చేయు విద్య నేర్పించి, పనిశాలను నడిపించెను.

ఈ పని స్వభావమును గమనింపుడు. గుడ్డను రేకులుగా కత్తిరింపవలెను; రంగు అద్దవలెను; రేకులకు వంపు తేవలెను; తీగకు కూర్చి కాడ చుట్టవలెను. ఒక పువ్వు పలువురి చేతులమీదుగా పూర్తియగును. నడకతో దీనికి నిమిత్తము లేదు. ఎవరి శరీరమునకు ఏది సాధ్యమో వారికది లభించును. అన్నిటికంటె ముఖ్యమైనది, పనిచేసిన బాలికకు కూలి ముట్టెడిది. ఆ కూలినుండి ఆమె తన పోషణకు తానే కొంత చెల్లించెడిది.

1912వ సంవత్సరము జూన్ మాసమున ఒక విశేషము జరిగెను. డెన్మార్కు దేశమునుండి కోడలిగా వచ్చిన అలెగ్జాండ్రా రాణి, తాను ఇంగ్లండులో గడపిన ఏబది యేండ్లకు గురుతుగా, వైద్యశాలల సహాయార్థము వీధులలో గులాబీలు అమ్మించెను. ఆ గుడ్డ గులాబీలను చేసినవి ఈ వికలాంగ బాలికల చేతులే. నిన్న భిక్షకు చాపిన చేయి నేడు రోగులకు ఔషధమునిచ్చు చేయి యాయెను. నేను మీకు మనవి చేయదలచినది ఈ ఒక్క మాటయే.

పన్నెండవ శతాబ్దమున కల్యాణమందు బసవేశ్వరుడు కాయకమును, దాసోహమును జంటగా బోధించెను. వీని రెంటిని వేరుచేయరాదు. ఆయ్దక్కి లక్కమ్మ భర్తతో కూడి, నేలరాలిన బియ్యమేరి తెచ్చి జంగమదాసోహము సలిపెను. ఒకనాడు భర్త అవసరమునకు మించి తేగా, తిరిగి అచ్చటనే పోసిరమ్మని పంపినదని శరణుల చరిత్ర చెప్పును. ఆ దంపతులు నిరుపేదలు. అయినను పెట్టువారేగాని పుచ్చుకొనువారు కారు. కదిరె రెమ్మవ్వ రాట్నము త్రిప్పి శరణి యాయెను. కాయకము లేనివానికి దాసోహము లేదు. కావున ఒకరికి పని నిరాకరించుటయనగా, వారు దాసోహము చేయు భాగ్యమును మనము అపహరించుటయే. ఆనాడు నా దయ చేసిన పని యిదియే.

లండను సంస్థలో లోపములు లేవని నేననను. ఒకప్పుడు కుంటితనమును సూచించు మాటను తన పేరులోనే చేర్చుకొనినది. మనిషిని అవయవలోపముతో పిలుచుట ఎంత బాధాకరమో మనకు తెలియును. ఆ బాలికలు ఒక్కచోటనే నివసించి, ఒక్కచోటనే పనిచేయుటచే లోకమునకు కొంత దూరమైరి. గ్రూమ్ 1919లో గతించెను. 1932లో సంస్థ ఎడ్జ్‌వేర్‌కు తరలినది. 2007లో షాఫ్ట్స్‌బరీ సొసైటీతో కలిసి క్రొత్త పేరు దాల్చినది. వికలాంగులు వేరుగా కాక అందరి నడుమ బ్రతుకవలెనను భావము నేడు బలపడినది. మన దేశమున 2016 నాటి చట్టము ప్రభుత్వోద్యోగములలో వారికి నాలుగు శాతము స్థానములు కేటాయించినది. చట్టము తలుపు తెరచును. లోనికి రమ్మని పిలువవలసినవారు ఇంటివారే.

అన్యమతస్థుని కథ మనకేల యని కొందరు అడుగవచ్చును. తేనెటీగ ఏ తోట పువ్వని అడుగదు.

మఠాధిపతులకును, గృహస్థులకును నా విన్నపము. మన దాసోహశాలలలో వికలాంగురాలైన బాలికకు అన్నము పెట్టుచున్నాము, సంతోషము. ఇకమీదట ఆమెను, “అమ్మా, నీ చేతికి ఏ పని వచ్చును?” అని కూడ అడుగుదము. విభూతి ఉండలు చేయుట, శివదారము పేనుట, లింగవస్త్రము కుట్టుట, మఠపు లెక్కలు వ్రాయుట, ఎన్ని పనులు లేవు? నేర్పుదము. చేసినదానికి బహుమానమని గాక, కూలి యని లెక్కించి ఇత్తము. ఆమె పీట వేరుగా కాక, అందరి వరుసలోనే వేయుదము.

ఆ సాయంకాలము నేను చాపను అరుగు దగ్గరకు జరిపించితిని. ఆ బిడ్డ చీకటి పడువరకు మాలలు కట్టెను. మరునాడు బసవేశ్వరుని పటమునకు వేసిన మాలలలో ఆమె కట్టినది ఏదియో ఎంత చూచినను నేను గుర్తింపజాలకపోతిని.