పౌరుషానికి రంగుందా?

పౌరుషం మగవాడికి పుట్టుకతో వచ్చే స్వభావమా, లోకం నేర్పితే అలవడిన నడవడికా అన్న ప్రశ్న మతచింతనలోనూ తత్త్వశాస్త్రంలోనూ చాలా పాతది. ఆత్మ స్త్రీ కాదు, పురుషుడు కాదు, నపుంసకమూ కాదు, ఏ దేహాన్ని ధరిస్తే ఆ దేహంతో కూడి ఉంటుందని శ్వేతాశ్వతరోపనిషత్తు అయిదో అధ్యాయం చెబుతుంది. ఉపనిషత్తు మాట్లాడేది ఆత్మ గురించి. ఆధునికులు ఇదే ప్రశ్నను సంఘానికి వేశారు. స్త్రీత్వం పుట్టుకతో రాదని, సంఘంలో పెరిగే క్రమంలో ఏర్పడుతుందని 1949లో ఫ్రెంచి తత్త్వవేత్త సిమోన్ ద బోవా వాదించింది. స్త్రీపురుష భేదం నిలబడేది రోజూ మళ్లీ మళ్లీ చేసే చేష్టల మీదేనని 1990లో అమెరికా తత్త్వవేత్త జుడిత్ బట్లర్ ఆ వాదాన్ని ముందుకు తీసుకెళ్లింది. నిలుచునే తీరు, చూసే చూపు, కట్టే బట్ట, దాని రంగు అన్నీ ఆ చేష్టల్లోవే. వాటిని ఒకచోట నిలిపి చూపించేది కాబట్టి రూపచిత్రం ఈ ప్రశ్నకు మంచి పరీక్ష అవుతుంది.

రంగుకీ మగతనానికీ మధ్య స్థిరమైన సంబంధం ఏదీ లేదని చరిత్రే చెబుతుంది. 1701లో యాసింత్ రిగో గీసిన ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ చిత్రంలో రాజు ఎర్రమడమల బూట్లు, తెల్లని పట్టు మేజోళ్లు, పొడవాటి ఉంగరాల విగ్గు ధరించి కాళ్లు కనబడేలా నిలుచున్నాడు. ఆ కాలానికి అది నిండైన రాజసం. పద్దెనిమిదో శతాబ్దం చివరికి యూరపు మగవాళ్లు రంగుల్నీ అలంకారాన్నీ వదిలేసి నల్లకోటుకు మళ్లారు. మనోవిశ్లేషకుడు జె. సి. ఫ్లూగెల్ 1930లో ఈ మార్పును పురుషుల మహాత్యాగంగా వర్ణించాడు. 1918లో కూడా అమెరికాలో పిల్లల దుస్తుల వర్తక పత్రిక ఒకటి గులాబీ గట్టి రంగు కాబట్టి మగపిల్లలకు, నీలం సుకుమారం కాబట్టి ఆడపిల్లలకు తగినవని రాసింది.

నల్లకోటు స్థిరపడ్డాక, 1839లో ఫొటోగ్రఫీ లోకానికి వెల్లడైంది. రంగుల ఫొటోలకు 1907లో ఆటోక్రోమ్ పలకలు, 1935లో కొడాక్రోమ్ ఫిల్ము వచ్చినా కళాఫొటోగ్రాఫర్లలో చాలామంది నలుపు తెలుపులనే గంభీరమని నమ్మారు. రంగు ప్రకటనలకూ ఫ్యాషన్ పత్రికలకూ తగినదనుకున్నారు. మగవాడి ఒంటి మీద రంగును చిన్నచూపు చూసిన ధోరణే ఇక్కడా కనిపిస్తుంది.

రంగు లేకుండానే ఈ కట్టుబాటును సడలించిన ఫొటోలూ ఉన్నాయి. మాలి రాజధాని బమాకోలో 1948లో స్టూడియో తెరిచిన సేదూ కేయితా తీసిన ఒక ప్రసిద్ధ చిత్రంలో తెల్లకోటు తొడిగి, కళ్లజోడు పెట్టుకున్న యువకుడు చేతిలో ఒక్క పువ్వు పట్టుకుని కెమెరాను చూస్తాడు. ఆ పట్టుకోవడంలో ఎంత సౌమ్యత ఉందో చూపులో అంత నిబ్బరం ఉంది. ఒకటి ఉంటే రెండోది ఉండదన్న నమ్మకాన్ని ఆ చిత్రం కాదంటుంది.

రంగుతో ఈ పని చేసినవాళ్లలో శామ్యూల్ ఫోసో ముఖ్యుడు. 1962లో కామెరూన్‌లో పుట్టి నైజీరియాలో పెరిగి, 1975లో పదమూడేళ్ల వయసులో మధ్య ఆఫ్రికా గణతంత్ర దేశపు రాజధాని బాంగిలో స్టూడియో పెట్టాడు. గిరాకీలకు తీయగా మిగిలిన ఫిల్ము మీద తన ఫొటోలు తానే తీసుకుని నైజీరియాలో ఉన్న అమ్మమ్మకు పంపేవాడు. 1994లో బమాకోలో జరిగిన ఫొటోగ్రఫీ ఉత్సవంతో లోకానికి తెలిశాడు. 1997లో పారిస్ దుకాణం తాతీ కోసం తీసిన రంగుల వరసలో సముద్రపు దొంగ, గోల్ఫ్ ఆటగాడు, విముక్తురాలైన అమెరికా స్త్రీ అన్నీ తనే అయ్యాడు.

ఆ వరసలోని నాయకుడి చిత్రం పేరు, ఆఫ్రికాను వలసవాదులకు అమ్మినవాడని చెబుతుంది. చుట్టూ అచ్చు వేసిన గుడ్డల రంగులు, ఒంటి మీద చిరుతచర్మపు గుర్తులు, మెడనిండా హారాలు, కళ్లకు చలువ అద్దాలు. రాజదండం ఉండాల్సిన చేతిలో పొద్దుతిరుగుడు పూలగుత్తి. లూయీ చిత్రంలో రంగు అధికారాన్ని నమ్మించింది. ఇక్కడ అదే ఆడంబరం అధికారం కూడా కట్టుకున్న వేషమేనని బయటపెడుతుంది. 2017లో ఫోసో పోప్ వస్త్రాల్లో నల్లజాతి పోప్‌గా కనిపించాడు. విశ్వాసులు తండ్రిగా కొలిచే పీఠం మీద ఎలాంటి దేహాన్ని ఊహించుకోవడానికి అలవాటుపడ్డారో ఆ చిత్రాలు అడుగుతాయి.

వేషం మార్చి కట్టుబాటు దాటడం తెలుగునేలకూ తెలుసు. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మగవాళ్లు చీర కట్టి, నగలు పెట్టుకుని మొక్కు తీర్చుకుంటారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా దశాబ్దాలపాటు ప్రేక్షకుల మన్నన పొందారు. అయితే జాతర ముగిస్తే చీర విప్పాలి, ఆట ముగిస్తే జడ తీయాలి. గుడీ రంగస్థలమూ గౌరవించే ఆ రూపాన్నే వీధిలో ఎగతాళి చేస్తారు. ఫొటో ఆ రూపాన్ని సందర్భం దాటి నిలబెడుతుంది.

రంగు దానికదే విముక్తి కాదు. లూయీ రంగులు నిరంకుశత్వానికే పనికొచ్చాయి. గులాబీ చొక్కా తొడిగినంతమాత్రాన ఇంట్లో పెత్తనం తగ్గదు. పౌరుషమంటే ఇతరుల మీద అధికారమన్న ముడి విప్పగలిగినప్పుడే ఆ రంగుకు విలువ. ఆ ముడి స్వభావం వేసింది కాదు, మనుషులు వేసింది. కాబట్టి విప్పాల్సిన బాధ్యతా మనుషులదే.