కూల్చింది ఎవరు?

దసరా నాడు జేసీబీకి పసుపు రాసి, బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తారు. పండగ వెళ్లాక అదే బండి వెనక చేతికి బకెట్ తీసి బ్రేకర్ తగిలిస్తే, ఇంటి స్లాబు తునాతునకలే.

మరి ఆ ఇంటిని కూల్చింది ఎవరు?

1957లో అమెరికాలోని మిన్నెసోటాలో కెల్లర్ సోదరులు చిన్న లోడర్ తయారుచేసింది టర్కీ కోళ్ల షెడ్లలో పెంట ఎత్తడానికి. దాని వారసుడు స్కిడ్ స్టీర్ ఇప్పుడు ఇరుకు గదుల్లో దూరి గోడలు పగలగొడుతోంది. మెత్తటి నేలైతే ట్రాక్ లోడర్. ఏ బండైనా మోసేదే, చివర తగిలించిన పనిముట్టే పనిని నిర్ణయిస్తుంది.

గీతలో కృష్ణుడు అర్జునుణ్ణి నిమిత్తమాత్రుడివి కమ్మన్నాడు. ఆ మాటను డ్రైవరు సీటుకు అంటగట్టి చేతులు దులుపుకోవడం అన్యాయం. అర్జునుడు గాండీవం మళ్లీ ఎత్తేముందు తన సందేహాలన్నీ అడిగాడు. బ్రేకర్ ఉలి మొన గోడకు ఆనించి మీట నొక్కే కూలీ మనిషికి అంత వ్యవధి ఎవరిస్తారు? ఆ సందేహాలు బండిని పంపినవాళ్లకు రావాలి.

2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు, బండిని పంపే అధికారులను ఉద్దేశించి, నేరంలో నిందితుడన్న కారణంతో ఇల్లు కూల్చకూడదంది. కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలంది. ఆదేశాలు మీరిన అధికారులు సొంత డబ్బుతో ఆ కట్టడాన్ని మళ్లీ నిలబెట్టాలంది.