తెర ఎవరికి?

కాకుమాను చుట్టుపక్కల, పొన్నూరు, బాపట్ల వైపు ఏ వైష్ణవాలయానికి వెళ్ళినా నైవేద్యం వేళ తెర పడుతుంది. అలంకారం వేళా అంతే. గుడి నలుగురిదీ, స్వామి కొలువై ఉన్నదీ దర్శనమివ్వడానికే. అయినా ఆయన ఆరగించేటప్పుడు మనం చూడం. తెర అవతల రహస్యమేమీ లేదు, కానీ ఆ కాసేపు స్వామిది. నలుగురూ తిరిగే చోట ఉన్నంత మాత్రాన రూపం నలుగురి సొత్తు కాదని మన ఆచారం ఏనాడో ఒప్పుకుంది. ప్రతి ప్రాణిలో అంతర్యామిగా ఉన్నది ఆ స్వామేనని నమ్మేవాళ్ళం కదా, గుడి బయట అన్నదానం పంక్తిలో ముసలమ్మ ముద్ద నోట పెట్టుకుంటుంటే అడగకుండా ఫొటో తీసి వాట్సాప్‌లో ఊరంతా పంచడం ఏ ధర్మం?

చట్టం దీనికి సగమే జవాబు చెబుతుంది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 77వ సెక్షన్ స్త్రీల ఏకాంతాన్ని దొంగచాటుగా చిత్రీకరించడాన్ని శిక్షిస్తుంది. పంక్తిలో కూర్చున్న మనిషి ముఖానికి ఆ కాపు లేదు. కోర్టుల ఆలోచన మాత్రం ఇంకా ముందుకెళ్ళింది. స్టాంపు చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ మీద నడిచిన కెనరా బ్యాంకు కేసులో, గోప్యత మనుషులకు చెందినదే గాని స్థలాలకు కాదని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యతను ప్రాథమిక హక్కుగా నిలబెట్టారు. బహిరంగ స్థలంలో ఉన్నంత మాత్రాన అది పోదన్న మాట కూడా ఆ తీర్పులో ఉంది. గుడి తెర చెప్పేదీ అదే. జర్మనీలో 1898లో మాజీ ఛాన్సలర్ బిస్మార్క్ మృతదేహాన్ని ఇద్దరు ఫొటోగ్రాఫర్లు దొంగతనంగా చొరబడి తీశారు. ఆ తర్వాతే, 1907లో, ఎవరి రూపం మీద వారికి హక్కునిచ్చే చట్టం వచ్చింది. అంతటివాడికి జరిగితే కదిలిన మనసు ముసలమ్మ విషయంలోనూ కదలాలి.

ఫొటో తీయకపోతే లోకానికి కష్టం ఎలా తెలుస్తుందని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమ, బాపట్ల ప్రాంతం ఎంత నష్టపోయిందో దేశం కళ్ళకు కట్టింది ఫొటోలే. కానీ పొన్నూరు దేవుడికి సాక్షి భావనారాయణుడని పేరెందుకు వచ్చింది? అన్యాయం జరిగినవాడి పక్షాన సాక్ష్యం చెప్పడానికి వచ్చాడంటుంది స్థలపురాణం. సాక్షి ఎవరి కోసం నిలబడతాడో వాళ్ళకు మేలు జరగాలి. ఉప్పెన ఫొటో బాధితుల పక్షాన మాట్లాడింది. అన్నదానం ఫొటో దాత పక్షాన మాట్లాడుతుంది. విరాళమిచ్చినవాళ్ళకు లెక్క చూపాలంటే బియ్యం బస్తాలు, పొయ్యి మీది గుండిగలు, పరిచిన విస్తళ్ళు తీస్తే సరిపోతుంది. అడిగితే ఆ ముసలమ్మ సరే అంటుందిగా అనేవాళ్ళూ ఉన్నారు. ఆకలితో కూర్చుని, గరిటె పట్టుకున్న మనిషికి ఎవరు వద్దంటారు? అడగదలిస్తే ఆవిడ తిని, చెయ్యి కడుక్కుని, ఇంటికి బయల్దేరేటప్పుడు అడగాలి. అప్పుడు వద్దన్నా ఆవిడకు పోయేదేమీ ఉండదు.