పన్నెండేండ్ల బిడ్డ ఎక్కడ ఉండాలి?



యేసు బాల్యం గురించి లూకా సువార్తికుడు మనకు చెప్పిన కడపటి సంఘటన ఆయన పన్నెండవ ఏట జరిగినది. పాస్క పండుగకు యెరూషలేము వెళ్ళిన బాలయేసు తిరుగు ప్రయాణంలో కనిపించలేదు. మరియతల్లి, జోజప్పగారు ఆందోళనతో వెదకగా, మూడవనాడు దేవాలయంలో బోధకుల నడుమ కనిపించాడు. అక్కడ వింటున్నాడు, ప్రశ్నలు అడుగుతున్నాడు (లూకా 2:41-52). జపమాలలో సంతోష దేవరహస్యాలు చెప్పుకొనే ప్రతిసారీ ఈ ఘట్టాన్ని ధ్యానిస్తాం. మరి మన ఊరిలోని పన్నెండేండ్ల బిడ్డలు ఎక్కడున్నారని ఎప్పుడైనా వెదికామా?

మన దేశం ఈ ప్రశ్నను చాలా కాలంగా వేసుకొంటున్నది. 14 ఏండ్లలోపు పిల్లలను కర్మాగారాలలో, గనులలో పెట్టరాదని రాజ్యాంగం 24వ అధికరణంలోనే చెప్పింది. 1986లో బాలకార్మిక చట్టం వచ్చింది. పని మాన్పించిన పిల్లలకు ప్రత్యేక పాఠశాలలు నడిపే జాతీయ పథకం 1988లో మొదలైంది. 2009లో చేసిన విద్యాహక్కు చట్టం 6 నుండి 14 ఏండ్ల బిడ్డలందరికీ ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా ఇచ్చింది. ప్రయత్నాలు వృథా కాలేదు. పనిచేసే పిల్లలు 2001 జనాభా లెక్కలలో సుమారు 1 కోటి 26 లక్షలు కాగా, 2011 నాటికి దాదాపు 1 కోటికి తగ్గారు. అయినా కోటి మంది అంటే కోటి బాల్యాలు గదా!

"పేదరికం పోనిదే ఇది పోదు" అని మనం సులువుగా అనేస్తాం. 1990లలో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల సంకర పత్తి విత్తన చేలను గుర్తుచేసుకోండి. ఒక్కొక్క మొగ్గను చేతితో విప్పి పుప్పొడి అద్దే పనికి ఎక్కువగా ఆడపిల్లలనే పెట్టారు. ముందుగా తల్లిదండ్రులకు అప్పు ఇచ్చి, పిల్లను పనికి కట్టేశారు. పురుగుమందు చల్లిన చేలలోనే వాళ్ళ పొద్దు గడిచింది. పిల్లలే ఎందుకు? పెద్దల కంటె తక్కువ కూలికి దొరుకుతారు గనుక. బిడ్డ చవకగా దొరికినంతకాలం తండ్రికి న్యాయమైన కూలి దొరకదు. పేదరికం పిల్లలను పనికి పంపుతుంది నిజమే. పిల్లల పని ఆ పేదరికాన్ని మళ్ళీ పెంచుతుంది. కోతగాండ్లకు ఎగవేసిన కూలి దేవుని ఎదుట మొరపెడుతున్నదని యాకోబు లేఖ హెచ్చరిస్తున్నది (5:4).

అదే కాలంలో రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హాగారి నాయకత్వాన ఎం.వి. ఫౌండేషన్ వేరే దారి చూపింది. బడికి రాని ప్రతి బిడ్డా బాలకార్మికుడే అని పట్టుబట్టి, శిబిరాలలో చదువు చెప్పి, వేలాది పిల్లలను బడికి చేర్చింది. పేద తల్లిదండ్రులకు కూడా బిడ్డ చదువు మీద ఆశ ఉంటుందని రుజువు చేసింది.

ఇక మన గడప దగ్గరకు వద్దాం. 2006 అక్టోబరు 10 నుండి 14 ఏండ్లలోపు పిల్లలను ఇంటిపనిలో, హోటళ్ళలో పెట్టుకోవడం నిషిద్ధం. 2016 సవరణతో అన్ని పనులలోనూ నిషేధం వచ్చింది. అయినా పల్లె నుండి తెచ్చుకొన్న పిల్ల మన వంటింట్లో అంట్లు తోమడం లేదా? "అన్నం పెడుతున్నాం, బట్టలిస్తున్నాం, మా బిడ్డలాగే చూసుకొంటున్నాం" అంటాం. మన బిడ్డ ఎన్నింటికి లేస్తుంది, ఆ పిల్ల ఎన్నింటికి లేస్తుంది? మన బిడ్డ భుజాన సంచి తగిలించి బడికి పంపే చేతులు ఆ పిల్లవే గదా? ఆదివారం మనం పూజకు వెళ్ళినప్పుడు ఆమె ఇంటికి కాపలా ఉంటుందా?

"బాలయేసు జోజప్పగారి వడ్రంగి పనిలో సాయపడలేదా?" అని కొందరు అడుగుతారు. తల్లిదండ్రుల చెంత ఉంటూ పని నేర్చుకోవడం వేరు, పరాయి ఇంట బాల్యాన్ని అమ్ముకోవడం వేరు. బడివేళ తరువాత కుటుంబానికి సాయపడడాన్ని చట్టం కూడా ఒప్పుకొంటుంది, అది ప్రమాదకరమైన పని కాకూడదు, చదువుకు అడ్డు రాకూడదు. నజరేతులో యేసు వయస్సుతోపాటు జ్ఞానంలో కూడా పెరిగాడని మరువరాదు.

ప్రియ సోదరీ సోదరులారా, ఆత్మపరిశోధన మాత్రమే చాలదు. మీ ఇంట అటువంటి బిడ్డ ఉంటే రావలసిన జీతమంతా లెక్కగట్టి ఇచ్చి, తల్లిదండ్రుల వద్దకు చేర్చి, బడిలో వేయించండి. చదువు మానిన బిడ్డను వయస్సుకు తగిన తరగతిలో చేర్చుకొని, వెనుకబడిన పాఠాలు నేర్పాలని చట్టమే చెబుతున్నది. పెద్దలను పనికి పెట్టుకొని పూర్తి కూలి ఇవ్వండి. ఆపదలో ఉన్న బిడ్డ కనిపిస్తే 1098కి ఫోన్ చేయండి. విచారణలోని యువతీయువకులు, విన్సెంట్ డి పాల్ సభ్యులు బడి మానిన పిల్లల ఇండ్లకు వెళ్ళి, కారణం తెలుసుకొని, పుస్తకాలకో ఫీజుకో అండగా నిలవండి.

మూడు దినాలు నిద్రాహారాలు మరచి బిడ్డను వెదకిన మరియతల్లీ, తమను వెదికేవారు లేని బిడ్డల కోసం మా కాళ్ళను కదిలించు. ఆమెన్.