మల్లన్న యెవరి అల్లుడు

మన్ననూరు దాటి శ్రీశైలపు దారిని కొంతదూరము పోయినవారికి, నల్లమల లోతట్టునకు చీలిపోవు బాట మొదట ఫరహాబాదు అను తావు కనబడును. ఫరహ్ అనగా సంతోషము. నిజాము ప్రభువులు వేటకై వచ్చి విడియుచుండిన కాలమున పుట్టిన పేరిది. వారి విడిదిగృహపు మొండిగోడలు నేటికిని చెట్లనడుమ నిలిచియున్నవి. ఈ పేరుగల వాకిటి గుండనే చైత్రపూర్ణిమనాడును, దాని ముందువెనుకల దినములలోను వేలకొలది జనులు సలేశ్వరపు లోయకు పోవుదురు. పాదముల రాపిడికి నునుపుదేఱిన బండలపై ఒకరి భుజమునొకరు పట్టుకొని దిగుచు "వస్తున్నం లింగమయ్యా" అని కేకవేయుదురు. తిరిగి యెక్కునపుడు "పోయొస్తం లింగమయ్యా" అని సెలవు పుచ్చుకొందురు. క్రింద గుండములోనికి నీరు దుముకుచుండగా, గుహలోని లింగమునకు పూజచేయువారు బ్రాహ్మణులు కారు, జంగములు కారు, చెంచులు. దేవుడు శివుడు, అతని వాకిటికి పారసీకపు పేరు, అతని గర్భగుడిలో అడవివాడు. ఈ మూడును ఒకచోట చేరినను అమ్రాబాదు పీఠభూమి మీద పెరిగిన మాకు వింతగా తోచదు. మా యూరిపేరి చివరనున్న ఆబాదు కూడ ఆ భాషనుండి వచ్చినదే గదా.

వింతగా తోచకపోవుటయే నన్ను చాలకాలము ఆలోచింపజేసినది. ఏలయనగా మా యడవి ఏ కొండకు వాకిలియో ఆ కొండ చరిత్ర శాంతిచరిత్ర కాదు. శ్రీశైలమునకు తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున సిద్ధవటము, పడమట ఆలంపురము, ఉత్తరమున మా అచ్చంపేట చెంతనున్న ఉమామహేశ్వరము ద్వారములని పెద్దలు చెప్పుదురు. ఉమామహేశ్వరమున ముందుకు వంగిన కొండచఱియ క్రింద నిలిచి, రాతినుండి జాఱు పాపనాశనపు నీటికై దోసిలి పట్టినవారికి తెలియును, ఆ నీరు ఎవరి తొందరకును లొంగదు. బొట్టు వెంట బొట్టు, అంతే. నాలుగు వాకిళ్లుగల యింటికి నలుగురు యజమానులు బయలుదేఱుట లోకసహజము. శ్రీశైలమునకు నలుగురే కాదు, అంతకుమించి బయలుదేఱిరి.

శ్రీపర్వతమను పేరు మొదట మనకు స్పష్టముగా వినబడునది బౌద్ధుల నోట. నాగార్జునకొండ శాసనములలో బోధిశ్రీ యను ఉపాసిక శ్రీపర్వతమందలి చుళధమ్మగిరిపై చైత్యగృహమును కట్టించి, కాశ్మీర గాంధార చీన తోసలి తామ్రపర్ణి దేశములను ప్రసన్నము గావించిన స్థవిరులకు సమర్పించినట్లు కలదు. ఏడవ శతాబ్దమున వచ్చిన చీనాయాత్రికుడు హ్యూన్ త్సాంగ్ భ్రమరగిరి యని తాను వినిన కొండను గూర్చి వ్రాయుచు, శాతవాహనరాజు నాగార్జునాచార్యునికై అచట అయిదంతస్తుల విహారమును తొలిపించెననియు, పిదప భిక్షువులలో భిక్షువులకే కలహము పుట్టి వారు రాజు తీర్పుకై వెలుపలికి పోయిన వేళ, ఇతరులు లోపల చొరబడి ద్వారములు బంధించి వారిని మరల రానీయలేదనియు చెప్పెను. ఆ భ్రమరగిరి మన శ్రీశైలమే యని కొందఱు పండితులు, కాదని మఱికొందఱు. ఏది యైనను కథలోని క్రమము మాత్రము గమనింపదగినది: ఇంటివారు తమలో తాము తగవులాడుకొనిరి, తలుపు తీసియుంచి పోయిరి, తిరిగి వచ్చుసరికి తలుపు మూసియున్నది.

అది వినికిడి. దానికంటె కఠినమైనది కంటికి కనబడునది. మల్లికార్జునాలయ ముఖమండప స్తంభములపై శకవర్షము 1433 నాటి, అనగా క్రీస్తుశకము 1512 నాటి శాసనమొకటి కలదు. శాంతుని కుమారుడైన లింగడను వీరశైవనాయకుడు స్వామికి తానొనర్చిన కైంకర్యముల నెల్ల వరుసగా చెప్పుకొనుచు, ఆ వరుసలోనే, శ్వేతాంబర జైనుల శిరస్సులను ఖండించుటను కూడ పుణ్యకార్యముగా లెక్కవేసికొన్నాడు. పూలతోట వేయించుట యెట్టిదో తల నఱకుటయు అట్టిదే యను ఆ నిబ్బరమును తలచుకొన్నపుడు నాకు కోపముకంటె ముందు ఒడలు చల్లబడును. అదే ఆలయమున అంతకు నూటముప్పదియేండ్లకు పైగా ముందు, 1377లో, అనవేమారెడ్డి వీరశిరోమండపమును కట్టించియుండెను; అక్కడ భక్తులు తమ శిరస్సులను, నాలుకలను తామే కోసికొని స్వామికి అర్పించుచుండిరి. తన తలను ఇచ్చుకొనువాని ఆవేశమును నేను మెచ్చజాలనుగాని, గ్రహింపగలను. ఆ ఆవేశము ఏ మెట్టు దగ్గఱ తన మెడను విడిచి పొరుగువాని మెడను వెదకుకొనునో, ఆ మెట్టును మాత్రము ఏ శాసనమును గుర్తుపెట్టలేదు.

మతముల మైత్రిని గూర్చి ప్రసంగించువారు వెంటనే యెరూషలేమును పేర్కొందురు. నేనును ఒకమాట చెప్పి దాటెదను. అక్కడ క్రీస్తు సమాధిమందిరమున గ్రీకు, లాటిన్, అర్మీనియా, కోప్టు, సిరియా, ఇథియోపియా సంఘములవారు ఆరుగురు తమతమ భాగముల నారాధించుచున్నారు. వారిలో ఎవరికిని ఎవరిపైనను నమ్మకము లేని కారణమున తలుపు తాళపుచెవి ఒక ముస్లిము కుటుంబమువద్ద ఉండును, తలుపు తెఱచువారు మఱియొక ముస్లిము కుటుంబమువారు. తుర్కీ సుల్తాను 1852లో ఉన్నదున్నట్లు ఉండవలెనని ఫర్మానా ఇచ్చెను. నాటికే ముఖద్వారముపైని కిటికీకి ఆనించియుండిన చిన్న చెక్కనిచ్చెన ఒకటి నేటికిని ఆ చోటనే యున్నది, తీసినచో తీసినవారిది హక్కగునేమో యను భయముచేత. రక్తపాతమునకంటె ఆ నిచ్చెన ఎంతయో మేలు. ఐనను అది శాంతి యనిపించుకొనునా? హద్దుఱాయి పాతిన చేను వంటిది అది. దాయాదులు కొట్టుకొనుట మానిరేగాని, ఒకరి గడప నొకరు త్రొక్కలేదు.

మా కొండపై మఱియొక పద్ధతి పుట్టినది. దానిని ఏ ఆచార్యుడును సిద్ధాంతముగా ప్రతిపాదింపలేదు, ఏ ప్రభువును ఫర్మానాగా వ్రాయింపలేదు. చెంచులు మల్లన్న తమ అల్లుడనిరి. అడవికి వేటాడవచ్చి తమ పిల్లను వలచి పెండ్లాడినాడు గనుక చెంచుమల్లయ్య. ఇంతటితో ఆగిరా? నల్లమల దక్షిణపు కొసనున్న అహోబిల నరసింహుడును చెంచులక్ష్మిని చేపట్టినవాడే. సంక్రాంతి మఱునాడు, కనుమనాడు, ఆ స్వామి పారువేటకు బయలుదేఱి నలువది దినములకు పైగా ఊరూర తిరిగి తన పెండ్లికి తానే పిలుపులు పిలుచును. శైవులును వైష్ణవులును శతాబ్దములు శాస్త్రములు విప్పి వాదులాడుకొన్న హరిహరులను ఈ అడవివారు ఏ గ్రంథమును తిరుగవేయకయే తోడల్లుండ్రను చేసిరి! తోడల్లుండ్ర నడుమ ప్రేమ యుండునని ఎవరును అనరు. కాని పండుగకు ఒకే చూరుక్రింద కూర్చుండక తప్పదు.

ఈ చుట్టరికమునకు పోటీయును కలదు. ఉగాదికి నల్లమల దారుల వెంట కాలినడకను వచ్చు కన్నడ భక్తులు భ్రమరాంబ తమ యింటి ఆడపడుచనియు, మల్లన్న తమ అల్లుడనియు చెప్పి, పుట్టినింటివారివలె చీరయు పసుపు గాజులును తెత్తురు. శివరాత్రినాడు పెండ్లికొడుకు తలకు పాగా కట్టవలెను గదా. చీరాల ప్రాంతపు నేతగాడొకడు ఏడాది పొడవునా దినమునకొక మూర చొప్పున నేసిన వస్త్రమును, దీపములన్నియు ఆర్పిన నడిరేయి, దిగంబరుడై గోపురశిఖరమెక్కి చీకటిలోనే చుట్టును. తలపాగా కట్టువారొకరు, చీర తెచ్చువారొకరు, పిల్లనిచ్చితిమనువారు వేఱొకరు. పెండ్లింట ఎవరి పని వారిది. ఇల్లు మాదని వీరిలో ఎవరును అనలేదు, మనవాడనిరి. లింగడు అన్నది మొదటి మాట. స్వామ్యమునకును సంబంధమునకును గల ఈ దూరమే నేనింతసేపు చెప్పజూచుచున్నది.

కడపకు పోయినవారు ఇదియే మఱింత స్పష్టముగా చూడవచ్చును. దేవుని కడపలో ఉగాదినాడు ముస్లిములు కొబ్బరికాయలతో వేంకటేశ్వరుని గుడికి వత్తురు. బీబీ నాంచారమ్మ తమ పిల్ల గనుక స్వామి తమ అల్లుడు, పండుగనాడు అల్లుని చూడక యుండుట మర్యాద కాదు. మా పాలమూరు పల్లెలలో పీర్ల పండుగనాడు హసన్, హుసేనుల పీరులను మోయువారు పలుమాఱు హిందువులే. ఆ మహనీయుల పేర్లు మా నాలుకపై ఆశన్న, ఉశన్నలైనవి. భాషాశాస్త్రజ్ఞుడు దీనిని ధ్వనుల మార్పనును. ఆయన మాట కాదనను. కాని మా యవ్వ "ఉశన్నకు షర్బతు పొయ్యాలె" అని మొక్కుకొన్నపుడు ఆ 'అన్న' ఆమెకు ప్రత్యయము కాదు. ఆలంపురములో నవబ్రహ్మల గుడుల చెంతనే షా అలీ పహిల్వాన్ దర్గా యున్నది. గుడికి వచ్చినవారు దర్గాకును పోయి వచ్చుటకు ఎవరి యనుమతియు కోరరు.

అయితే ఈ సులువును చూచి మురిసిపోవుటకు ముందు ఒక కష్టమైన సంగతిని ఒప్పుకొనవలెను. అల్లుడు కావలెనన్న దేవుడు పెండ్లాడవలెను. బుద్ధుడు ఆలిని విడిచి పోయినవాడు, జినుడు సర్వమును విడిచినవాడు. పిల్లనిచ్చెదమన్నను పుచ్చుకొననివారితో చుట్టరికమెట్లు? శ్రీపర్వతమున బౌద్ధులకును, శ్రీశైలమున జైనులకును చెంచుల బుద్ధివంటి ఆశ్రయము దొరకకపోవుటకు ఇదియు నొక కారణమని నా యూహ. ఊహకు అడ్డుకథయును నాగార్జునకొండయందే యున్నది. ఇక్ష్వాకురాజు శాంతమూలుడు అశ్వమేధము చేసిన వైదికుడు; అతని సోదరి శాంతిశ్రీ మహాచైత్యమును నిలిపిన బౌద్ధురాలు. అచటి శాసనమొకటిలో ఆమె తన దానఫలమును తన అల్లుడైన వీరపురుషదత్తుని ఆయుర్వృద్ధికిని విజయమునకును ధారపోసినది. దేవుడు సన్న్యాసి యైనను అత్తగారు సన్న్యాసిని కాదు. యజ్ఞపు పొగయు స్తూపపు దీపమును ఒకే యింట ఉన్నంతకాలము కొండపై తలుపు మూయవలసిన అగత్యము ఎవరికిని కలిగియుండదు.

మన కాలము స్వామ్యపు కాలము. దేవస్థానపు దుకాణముల వేలమున అన్యమతస్థులు పాల్గొనరాదని 2015లో ప్రభుత్వము ఉత్తర్వు చేసెను. 2019లో హైకోర్టు దానిని సమర్థించెను. శ్రీశైలపు వర్తకులు పైకి పోగా 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసెను. న్యాయస్థానము చేయదగినది చేసినది. కాని గాజులమ్మువాడు ఏ మతమువాడని అడుగుటకు కొండపై ఒక తరము నేర్చుకొన్నదన్న సంగతిని ఏ తీర్పును నిలిపివేయజాలదు. చుట్టరికమును సర్వరోగనివారిణి యని నేననను. 2022 ఉగాదికి ముందు అల్లుని చూడవచ్చిన కన్నడ యాత్రికులకును స్థానిక వర్తకులకును ఒక దుకాణము వద్ద పుట్టిన చిన్నతగవు ముదిరి, ఒకడు గాయపడి, ఆ రాత్రి దుకాణములు ధ్వంసమాయెను. పెండ్లిండ్లలో మగపెండ్లివారు ఆడపెండ్లివారు కొట్టుకొనుట మనమెరుగనిది కాదు.

అంతకంటె నన్ను బాధించునది వేఱు. అల్లుడని చెప్పుకొనువారు అన్నిచోట్లను చేతిలో అధికారము లేనివారే. కొండమీది కార్యాలయములో మామగారికి కుర్చీ లేదు. 1940 ప్రాంతమున మానవశాస్త్రజ్ఞుడు హైమెండార్ఫ్ ఈ పీఠభూమి చెంచుల పెంటలలో, అనగా గూడెములలో, బసచేసి, గారెలమైసమ్మను, భగవంతరును కొలుచు వారి బ్రదుకును 1943లో గ్రంథముగా ప్రకటించెను. ఆ పెంటలనే ఇప్పుడు పులుల కొఱకై వెలుపలికి తరలింపవలెనను మాట వినబడుచున్నది. సలేశ్వరపు జాతరకు సైతము అటవీశాఖవారు ఇన్ని దినములని గీతగీసి గేటు తెఱతురు. అల్లునింటి తాళపుచెవి మూడవవాని చేత నుండుటలో మాత్రము మేము యెరూషలేమునకు తీసిపోలేదు.

మొన్నటి పున్నమికి నేను లోయలోనికి దిగితిని. గుహవద్ద ముసలి చెంచుపూజారి, నడుమున తువాలు బిగించి, వచ్చినవారి కాయలను వచ్చినట్లే బండకు కొట్టి ఇచ్చుచుండెను. ఎవరు నీవు, ఏ యూరు, ఏ కులమని అడుగుటకు తీఱిక లేదు. అడుగవలెనన్న తలపును కనబడలేదు. రద్దీ కొంత సడలిన పిదప ప్రక్కన కూలబడి, "తాతా, మీ అల్లుడు పెద్దగుడిల బంగారు తొడుగులేసుకొని కూసున్నడు. మీరేమో ఇక్కడ. కోపం రాదా?" అని అడిగితిని.

ఆయన నావంక చూడలేదు. ఇంకొక కాయ పీచు పెఱుకుచు, "అల్లుడన్నంక గంతే సారూ. పెద్దిల్లు జూసుకున్నడు. పండక్కి రాకుంటే బిడ్డ ఊకుంటదా?" అనెను.

"వస్తున్నడా మరి?"

"గీ జనమంత ఎవలెంబడి వచ్చిండ్రనుకున్నవ్?"

వెనుకనుండి ఎవరో "జరుగుండ్రి, జరుగుండ్రి" అని తోయుచుండిరి. ముసలివాడు చెక్కలోని నీళ్లను లింగముపై వంచి, ఒక చిప్ప నా చేతిలో పెట్టి, తరువాతి కాయకై చేయి చాచెను.