దానము – సోమరితనము

ఆకొన్నవానికి అన్నము పెట్టుట ధర్మమని అంగీకరింపనివారు అరుదు. కాని పెట్టిన అన్నము వానిని సోమరిని చేయునేమో యన్న సంశయమును దానమంత పాతది. ఈ సంశయము శాసనముల రూపు దాల్చిన ఉదంతమొకటి ఇంగ్లండు చరిత్రలో కలదు.

1795వ సంవత్సరము మే 6వ తేదీన, ధాన్యపు ధరలు మిన్నంటిన వేళ, బర్క్‌షైర్ మండలపు న్యాయాధికారులు స్పీన్‌హామ్‌లాండ్‌లో సమావేశమై ఒక నియమము చేసిరి. సుమారు నాలుగు కిలోల రొట్టె ధర ఒక షిల్లింగు ఉన్నపుడు, శ్రమించు పేదవానికి వారమునకు మూడు షిల్లింగులు, భార్యకును ప్రతి బిడ్డకును షిల్లింగున్నర చొప్పున అందవలెను. కూలి చాలనిచో లోటును గ్రామపు పన్నునుండి పూరింపవలెను. కరుణతో పుట్టిన నియమమే యిది.

అయితే ఇద్దరు బిడ్డలు గల కూలివాని లెక్క చూడుడు. వాని యింటికి చేరవలసినది ఏడున్నర షిల్లింగులు. ఐదు ఆర్జించినచో రెండున్నర భృతిగా వచ్చును; ఏడు ఆర్జించినచో అర షిల్లింగే వచ్చును. అదనపు చెమటకు అదనపు రొట్టెముక్క లేదు. పొలము యజమాని కూలి తగ్గించినను ఆ లోటును గ్రామమే పూడ్చును. ఇట్టి యేర్పాటులో మందగించిన కూలివానిని సోమరి యనుట సులభము. కూలి తగ్గించిన యజమానికి మాత్రము ఏ పేరును లేదు!

1834లో పార్లమెంటు ఆ సంశయమునకే తలయొగ్గెను. శరీరదార్ఢ్యము గలవారికి ఇంటివద్ద సహాయము మాన్పి, శ్రమశాలలో చేరినవారికే తిండి పెట్టవలెనని సంకల్పించిరి. అచ్చటి బ్రతుకు వెలుపలి అతిహీనుడైన కూలివాని బ్రతుకుకంటె దిగువగా ఉండవలెనన్నది సూత్రము. భర్త ఒక భాగమున, భార్య వేరొక భాగమున, బిడ్డలు మరియొక భాగమున ఉండవలెను. అరువది యేండ్లు దాటిన దంపతులు కోరినచో కలిసి యుండవచ్చునని 1847లో వేరుగ చట్టము చేయవలసి వచ్చెను. పనియందు ఆసక్తి కలిగించుటకై కుటుంబమును చీల్చిన విధానమిది.

1963లో ఆర్థికవేత్త మార్క్ బ్లాగ్ ఈ వ్యవహారమును తిరిగి పరిశీలించి, భృతి వలన కూలి క్షీణింపలేదనియు, కూలి చాలకపోవుట వలననే భృతి పుట్టినదనియు వాదించెను. పంటపనులు ముగిసిన పిమ్మట వేరు పని దొరకని గోధుమ మండలములలోనే ఈ పద్ధతి మిక్కిలిగా వ్యాపించుట ఆయన వాదమునకు బలము. పనియే లేనిచోట ఆసక్తిని శంకించుట న్యాయమా?

ఆ శంక మన గడ్డమీదను వినవచ్చినది. 2005 నాటి ఉపాధి హామీ చట్టము అమలు 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ఆరంభమైన పిమ్మట, ఇక కూలివారు పొలములకు రారని పలువురు పలికిరి. కాని ఆ చట్టము ఊరక పెట్టుమనలేదు, పని చూపుమన్నది. కోరిన 15 దినములలో చూపలేనిచో భృతి నీయుమన్నది. ఆరేండ్లలోపు బిడ్డలు ఐదుగురు చేరిన పనిచోట వారిని చూచుటకు ఒక స్త్రీని నియమించి, ఆమెకును కూలి యీయవలెననియు అందు వ్రాసిరి.